కొత్త దేశంలో బ్యాంకు ఖాతా: మొదటి నెలల్లో జాగ్రత్త

విమానం ఎక్కే హడావుడిలో చాలామంది పాత సిమ్ తీసి ఎక్కడో పడేస్తారు. పాత బ్యాంకు ఓటీపీలన్నీ వచ్చేది ఆ నంబరుకే. అది పనిచేయకపోతే మీ డబ్బు మీకే అందదు. బ్యాంకులో నంబరు మార్పించుకునే దాకా ఆ సిమ్‌ను రోమింగ్‌లో ఉంచండి. కార్డు విదేశాల్లో పనిచేసేలా ఆన్ చేసి ఉందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి.

దిగాక మొదటి తలనొప్పి చిరునామా. ఖాతా తెరవాలంటే బ్యాంకు ఇంటి చిరునామా అడుగుతుంది, ఇల్లు కావాలంటే యజమాని బ్యాంకు ఖాతా అడుగుతాడు. ఉద్యోగమిచ్చిన కంపెనీ నుంచో, యూనివర్సిటీ నుంచో తెచ్చిన ఉత్తరం చాలాచోట్ల ఈ ముడి విప్పుతుంది. యూరోపియన్ యూనియన్‌లో అయితే, చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లకు బేసిక్ ఖాతా పొందే హక్కు 2014 నాటి చట్టంలోనే ఉంది. ఖాతా తెరుచుకునే దాకా గడవడానికి రెండు కార్డులు పెట్టుకోండి, రెండూ ఒకే పర్సులో మాత్రం వద్దు.

ఇక ఏటీఎం. కార్డు పెట్టి పిన్ కొట్టాక స్క్రీన్ మీద ఓ ప్రశ్న వస్తుంది: లెక్క మీ దేశపు కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా అని. పరాయి ఊళ్లో మన కరెన్సీ గుర్తు కనబడగానే ప్రాణం లేచొస్తుంది, వేలు అటే పోతుంది. బోల్తా పడేది అక్కడే. మన కరెన్సీ ఎంచుకుంటే మారకం రేటు వేసేది ఏటీఎం వాళ్లు, అందులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ‘మార్పిడి వద్దు’ అని నొక్కితే డబ్బే రాదేమోనని టెన్షన్ పడక్కర్లేదు, నోట్లు మామూలుగానే వస్తాయి. దుకాణంలో కార్డు గీకేటప్పుడూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

అంకెలు చదవడంలోనూ పాత అలవాటు ముంచుతుంది. జర్మనీలో 1.500 అంటే పదిహేను వందలు, 1,50 అంటే ఒకటిన్నర. అమెరికాలో 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. చాలా దేశాల్లో ఖాతాకు ఐబాన్ అనే పొడవాటి నంబరు ఉంటుంది. జర్మనీలో దాని పొడవు 22, నార్వేలో 15. మొదటి రెండు అక్షరాలు దేశానివి, తర్వాతి రెండు అంకెలు తప్పు పట్టడానికి. మీరు ఒక అంకె తప్పు కొడితే అవి పట్టిస్తాయి. వేరేవాళ్ల నంబరును పొరపాటున సరిగ్గా కొడితే మాత్రం ఏమీ చెప్పవు. అందుకే కొత్తవాళ్లకు పంపేటప్పుడు ముందు కొద్ది మొత్తం పంపి, అందిందని చెప్పాక మిగతాది పంపండి.

అద్దె, కరెంటు బిల్లు డైరెక్ట్ డెబిట్‌లో పెడితే వాళ్లే మీ ఖాతాలోంచి తీసుకుంటారు. జీతం పడే తేదీ తర్వాతే అవి కట్ అయ్యేలా చూసుకోండి. లేదంటే డబ్బు చాలనందుకు జరిమానా పడొచ్చు.

అన్నిటికంటే నాకు భయం వేసేది వేరు. ‘నా ఖాతా ఇంకా తెరవలేదు, నీ ఖాతాలో వేయిస్తా, తీసి ఇవ్వు, కొంత నువ్వుంచుకో’ అని ఎవరైనా అడిగితే మొహమాటపడకండి. అది మోసపు సొమ్మయితే పోలీసులు ముందు వచ్చేది మీ దగ్గరికే. ఖాతా మూతపడుతుంది, వీసాకూ చిక్కు రావచ్చు. ముక్కూమొహం తెలియని డబ్బు ఇప్పటికే పడి ఉంటే ఖర్చు పెట్టకండి, మీరే తిరిగి పంపకండి కూడా. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి బ్యాంకుకే చెప్పండి.