ఎండీఎస్ రిపోర్టులో రిస్క్ కేటగిరీ ఎలా చదవాలి

మా ఆయనకు ఎండీఎస్, అంటే ఎముక మజ్జలో (బోన్ మ్యారో) రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బు. ఆయన రిపోర్టు చివర "ఇంటర్మీడియట్" అని రాసి వదిలేశారు. ఆ ఒక్క మాటతో ఏమీ తేలదు. వెనకున్న స్కోరు చూడాలి. అది రాయకపోతే మనమే వేసుకోవచ్చు, కూడికలు వస్తే చాలు.

ముందు ఏ పద్ధతిలో వేశారో చూడండి. ఇప్పుడు ఎక్కువగా వాడేది 2012లో వచ్చిన రిస్కు స్కోరు పద్ధతి ఐపీఎస్‌ఎస్-ఆర్. 1997 నాటి పాత ఐపీఎస్‌ఎస్‌లో ఇంటర్మీడియట్-1, ఇంటర్మీడియట్-2 అని ఉంటాయి. వాటితో దీన్ని కలపకండి.

మా ఆయన లెక్కే చెప్తాను. క్రోమోజోములు నార్మల్, అంటే "గుడ్" వర్గం: 1 పాయింటు. బోన్ మ్యారోలో బ్లాస్టులు, అంటే ఇంకా ఎదగని కణాలు, 4 శాతం: 1. హిమోగ్లోబిన్ 8.6: ఇంకో 1. అది 10 ఉంటే సున్నా పడేది, 8 లోపైతే 1.5. ప్లేట్‌లెట్లు 72 వేలు: 0.5. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,100, 800 కంటే తగ్గలేదు కాబట్టి సున్నా. మొత్తం 3.5.

బరువంతా మొదటి రెండింటిదే. క్రోమోజోములకు 4 దాకా, బ్లాస్టులకు 3 దాకా పడొచ్చు. ప్లేట్‌లెట్లు ఎంత పడిపోయినా స్కోరులో 1 దాటవు. బ్లీడింగ్ భయం వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు.

1.5 వరకు వెరీ లో, 3 వరకు లో, 4.5 వరకు ఇంటర్మీడియట్, 6 వరకు హై, ఆపైన వెరీ హై. అయితే చికిత్స నిర్ణయించేటప్పుడు డాక్టర్లు చాలామంది ఇంటర్మీడియట్‌ను 3.5 దగ్గర రెండుగా చీలుస్తారు. 3.5 దాకా తక్కువ రిస్కు వైపు, దాటితే ఎక్కువ రిస్కు వైపు. మా ఆయన సరిగ్గా గట్టు మీద ఉన్నారు. ఇంకో అర పాయింటు పడితే రిపోర్టులో అదే మాట ఉంటుంది, చికిత్స దారి మాత్రం మారిపోవచ్చు.

ఇంటర్మీడియట్‌కు మీడియన్ ఆయుష్షు 3 ఏళ్లని చదివి నాకు కాళ్లు చల్లబడ్డాయి. తర్వాత అర్థమైంది: సగం మంది అంతకంటే ఎక్కువే బతికారు. పైగా అది జబ్బు నడకను మార్చే మందులు వాడనివాళ్ల లెక్క.

జీన్ మ్యుటేషన్ టెస్టు చేశారా అని డాక్టరును అడగండి. 2022లో వచ్చిన ఐపీఎస్‌ఎస్-ఎం వాటినీ కలుపుకుని ఆరు కేటగిరీలు చేస్తుంది, దాంతో కొందరి కేటగిరీ మారుతుంది. వెళ్లేటప్పుడు రక్తం ఎక్కించకముందు తీసిన రిపోర్టు పట్టుకెళ్లండి. ఎక్కించాక పెరిగిన హిమోగ్లోబిన్‌తో వేస్తే స్కోరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.