కారుతో సహా ఓడెక్కి సోమనాథ్‌కి: హజీరా-ఘోఘా ఫెర్రీ ఎట్లా ఎక్కాలి

తిరుపతి నుంచి సొంత కారులో సోమనాథ్, ద్వారక వెళ్ళొస్తామనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మేము పోయినేడాది అమ్మని, అత్తని తీసుకుని వెళ్ళొచ్చాక తెలిసినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "సూరత్ దగ్గర కారుని ఓడ ఎక్కించారంట కదా, ఎట్లా?" ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పోతుంది కదా అని ఇది.

ముందు గుజరాత్ మ్యాప్ తీసి చూడండి. సముద్రం నాలుక చాపినట్టు లోపలికి పోయి ఉంటుంది, అదే ఖంభాత్ గల్ఫ్. ఈ ఒడ్డున సూరత్, ఎదురొడ్డున భావనగర్. రోడ్డు మీద పోవాలంటే వడోదర వైపు పైకెక్కి, గల్ఫ్‌ని చుట్టుకుని, మళ్ళీ కిందికి దిగాలి, దాదాపు 370 కిలోమీటర్లు. నీళ్ళ మీద అయితే 90. మొదట 2017లో ఈ ఒడ్డునే ఉన్న దహేజ్ నుంచి భావనగర్ పక్కనున్న ఘోఘాకి ఫెర్రీ పెట్టారు గానీ దహేజ్ వైపు పూడిక చేరి లోతు చాలక అది ఆగిపోయింది, తర్వాత 2020 నవంబర్ 8న సూరత్ పక్కనున్న హజీరా నుంచి మొదలైంది. ఆ రోజు తిప్పిన వాయేజ్ సింఫనీ అనే ఓడలో 30 లారీలు, 100 కార్లు, 500 మంది దాకా పడతారు. అంటే గోదావరి మీద పంటు లాంటిది అనుకోకండి, ఇది మూడు నాలుగు అంతస్తుల వ్యవహారం.

పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకి తగ్గుతుందని అప్పట్లో బాగా ప్రచారం చేశారు. నిజం చెప్పాలంటే కారుకి రోడ్డు మీద పన్నెండు గంటలేమీ పట్టదు, పైగా ఓడకి ముందే వెళ్ళి కూర్చోవాలి, ఎక్కించడానికో గంట, దించడానికో అరగంట, ఇవన్నీ కలిపితే మిగిలే టైము మీరు అనుకున్నంత ఉండదు. మరి ఎందుకు ఎక్కాలంటే డ్రైవర్ కోసం. తిరుపతి నుంచి చిత్తూరు, బెంగళూరు, హుబ్బళ్ళి, పుణె మీదుగా సూరత్ దాదాపు 1,500 కిలోమీటర్లు, మూడు రోజులు స్టీరింగ్ పట్టుకున్న మనిషికి నాలుగో రోజు నాలుగు గంటలు కాళ్ళు చాపుకుని పడుకునే వీలు ఎక్కడ దొరుకుతుంది? మా బావ మూడు రోజులు బండి నడిపి ఓడలో బెర్తు మీద వాలినవాడు ఘోఘా వచ్చిందని లేపితే గానీ లేవలేదు. మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ నడిపేవాళ్ళుంటే, సముద్రం చూడాలన్న సరదా లేకపోతే, రోడ్డు మీదే పోండి, నేనేమీ అనను.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. కారుకి వేరే, మనుషులకి వేరే. కారు చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది కాబట్టి మోడల్ సరిగ్గా ఇవ్వండి, బండి నంబర్ ఆర్సీలో ఉన్నట్టే కొట్టండి. డ్రైవర్ టికెట్ కారు ధరలో కలిసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అక్కడ కౌంటర్ దగ్గర పరుగులు పెట్టాలి. కూర్చునే సీట్లు ఉంటాయి, పడుకునే బెర్తులూ ఉంటాయి. డ్రైవర్‌కి మాత్రం బెర్తు తీసుకోండి, అక్కడ పిసినారితనం వద్దు. ఓడ టైములు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి, సూరత్ చేరాక ఇంకోసారి చూసుకోవాలి.

కారు పైన క్యారియర్ కట్టి సామాను ఎక్కించేవాళ్ళు ఎత్తు ఎంతో ముందే కొలుచుకుని అడగండి. యాత్రకి పోతూ చిన్న గ్యాస్ సిలిండర్, పొయ్యి డిక్కీలో వేసుకోవడం మనవాళ్ళకి అలవాటు, ఎక్కడపడితే అక్కడ చెట్టు కింద వండుకోవచ్చని. అది ఓడకి పనికిరాదు, పెట్రోల్ డబ్బా అసలే వద్దు. ఇంకోటి, గుజరాత్‌లో మద్య నిషేధం. డిక్కీలో మర్చిపోయిన సీసా ఉంటే అది మహారాష్ట్ర దాటకముందే వదిలించుకోండి. ఎవరిని ఉద్దేశించి చెబుతున్నానో వాళ్ళకి తెలుసు.

సూరత్‌లో రాత్రి పడుకుని పొద్దున్నే హజీరా బయల్దేరండి. హజీరా అంటే అన్నీ ఫ్యాక్టరీలే, దారి పొడుగునా పెద్ద పెద్ద లారీలు, ముప్పై కిలోమీటర్లే కదా అని ఆలస్యంగా బయల్దేరితే టెన్షన్ తప్పదు. ఓడ టైముకి గంటన్నర ముందు అక్కడ ఉండేట్టు చూసుకోండి. అక్కడ జరిగే తంతు మనకి కొత్తేమీ కాదు, అలిపిరి టోల్‌గేట్ గుర్తు తెచ్చుకోండి. అందరూ దిగి, సామాన్లు పట్టుకుని ఒక పక్క నడిచిపోతే డ్రైవర్ ఒక్కడే కారుని ఇంకో పక్క నుంచి తెస్తాడే, అచ్చం అంతే. ఆధార్ కార్డులు అందరివీ ఒకరి చేతిలో పెట్టుకోకండి, డ్రైవర్‌ది డ్రైవర్ దగ్గరే ఉండాలి, ఎందుకంటే అక్కడి నుంచి ఓడలోకి వెళ్ళేదాకా మీరూ అతనూ వేరే వేరే.

ఇప్పుడు అసలు సంగతి, మేము చేసిన తప్పు. కార్లు పెట్టే అంతస్తుని కార్ డెక్ అంటారు. ఓడ కదిలాక దాన్ని మూసేస్తారు, మళ్ళీ ఒడ్డు చేరేదాకా ఎవర్నీ కిందికి పోనివ్వరు. మా అమ్మ బీపీ మాత్రలు కారు డ్యాష్‌బోర్డులో ఉండిపోయాయి. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాల్సిన మాత్ర మధ్యాహ్నం భావనగర్ రోడ్డు మీద వేసుకుంది, ఆ నాలుగు గంటలూ ఆవిడ నన్ను చూసిన చూపు నాకే తెలుసు. కాబట్టి సూరత్ హోటల్లోనే ఒక చేతిసంచి విడిగా సర్దండి. మాత్రలు, నీళ్ళు, ఛార్జర్, పెద్దవాళ్ళకి శాలువా (లోపల ఏసీ మామూలుగా ఉండదు), పిల్లలకి బొరుగులో చెనక్కాయలో. ఓడలో తినడానికి దొరుకుతుంది గానీ మన నోటికి పప్పులోనూ తీపి తగిలితే ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, ఆవకాయ సీసా కూడా ఆ సంచిలోకే.

కారు లోపలికి తోలడం గురించి డ్రైవర్లు భయపడతారు. ఒడ్డుకీ ఓడకీ మధ్య ఇనుప ర్యాంప్ ఉంటుంది, ముందు చక్రాలు దాని మీదికి ఎక్కేటప్పుడు ఒకసారి ధడేల్‌మంటుంది, అడుగున ఏమైనా తగిలిందేమో అనిపిస్తుంది. ఏమీ కాదు, మొదటి గేర్‌లో ఆగకుండా మెల్లగా పోనివ్వండి. లోపల ఒకాయన చేతులూపుతూ దారి చూపిస్తుంటాడు. అతను చెప్పినంత వరకే తిప్పండి, ముందుకంటే ముందుకు, వెనక్కంటే వెనక్కి, మన సొంత తెలివి అక్కడ వద్దు. పక్క కారుకి మీ కారుకి మధ్య జానెడు సందే ఉంటుంది, అద్దాలు మడవండి. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, గేర్‌లోనే వదిలేయండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. అలారం ఆపేయండి, లేకపోతే ఓడ ఇంజిన్ అదురుకి కింద మీ కారు మోగుతూనే ఉంటుంది, పైన మీకు వినపడదు. దిగాక ఏ మెట్ల పక్కన పెట్టారో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. అన్ని మెట్లూ ఒకేలా ఉంటాయి, దిగేటప్పుడు జనం తోసుకొస్తుంటారు, అప్పుడు వెతుక్కోవడం నరకం.

కడుపులో తిప్పడం గురించి ఒక లెక్క చెబుతాను. మీ ఇంట్లో తిరుమల ఘాట్ రోడ్డులో కవర్ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఎవరో మీకు తెలుసు కదా, ఓడలోనూ వాళ్ళే. డాక్టర్‌ని అడిగి తెచ్చుకున్న మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేయాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు. ఓడ ముందు భాగంలో ఊపు ఎక్కువ, మధ్యలో కూర్చోబెట్టండి, ఫోన్ లాగేసుకోండి, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే చోటు చూడమనండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, రెండు ఇడ్లీలు తినిపించొచ్చు. మేము వెళ్ళింది జనవరిలో, కాఫీ గ్లాసులో కాఫీ కూడా కదల్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం సముద్రం వేరేగా ఉంటుంది, ఓడ రద్దయ్యే అవకాశమూ ఉంటుంది. ఆ నెలల్లో పోయేవాళ్ళు ఒక రోజు చేతిలో ఉంచుకోండి, అదే రాత్రికి సోమనాథ్‌లో డబ్బులు తిరిగి రాని రూము బుక్ చేయకండి. రద్దయితే ఏడవక్కర్లేదు, వడోదర మీదుగా రోడ్డు ఉండనే ఉంది.

నీలి సముద్రం కోసం కెమెరా తీసుకెళ్ళేవాళ్ళు కాస్త మనసు గట్టి చేసుకోండి. నర్మద, తాపీ, మహీ, సబర్మతి అన్నీ ఒండ్రు తెచ్చి ఈ గల్ఫ్‌లోనే పోస్తాయి, నీళ్ళు పాలెక్కువైన టీ రంగులో ఉంటాయి. కానీ ఇక్కడ చూడాల్సింది రంగు కాదు, ఆటుపోటు. మన తూపిలిపాలెం బీచ్‌లో నీళ్ళు ఎక్కినా దిగినా ఓ మీటరు తేడా ఉంటే గొప్ప. భావనగర్ వైపు అది పది మీటర్ల దాకా పోతుంది, అంటే మూడంతస్తుల మేడంత. గోడ మీది టీటీడీ క్యాలెండర్‌లో అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి, ఆ రోజుల చుట్టూ తేడా ఇంకా ఎక్కువ. మేము డెక్ మీద నిలబడి ఉండగా ఓడ హారన్ కొట్టింది, మా అత్త అలవాటు కొద్దీ "గోవిందా" అంది, పక్కనున్న రాజ్‌కోట్ ముసలాయన వెంటనే "జై ద్వారకాధీశ్" అన్నాడు, ఇక ఇద్దరూ ఒడ్డు కనపడకుండా పోయేదాకా ఆపలేదు.

ఘోఘా దగ్గరపడ్డాక పిలుపు వస్తుంది, అప్పుడు డ్రైవర్ కిందికి దిగాలి. ముందున్న బండి కదిలేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, అందరూ ఒకేసారి స్టార్ట్ చేస్తే మూసిన డెక్‌లో పొగకి కళ్ళు మండిపోతాయి. మిగతావాళ్ళు నడిచి బయటికొచ్చి ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ఘోఘా ఇప్పుడు చిన్న ఊరే గానీ ఒకప్పుడు పెద్ద రేవు, "లంక పెళ్ళికూతురు, ఘోఘా పెళ్ళికొడుకు" అని గుజరాతీలకి సామెతే ఉంది, ఎక్కడెక్కడి వాళ్ళకో సంబంధం కుదిరితే అంటారట.

దిగగానే నేరుగా సోమనాథ్ వైపు తోలకండి. దగ్గర్లో కోళియాక్ అనే ఊరుంది, అక్కడ నిష్కలంక మహాదేవుడి గుడి సముద్రంలోనే ఉంటుంది, పాండవులు ప్రతిష్ఠించారని చెప్పే ఐదు లింగాలు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు మాత్రమే నడిచి వెళ్ళగలం, ఆ టైము రోజుకి ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతూ పోతుంటుంది, కాబట్టి ఓడ బుక్ చేసే ముందే ఆ రోజు ఆటు ఎప్పుడో చూసి దానికి కుదిరే ఓడ తీసుకోండి. అక్కడ దారంతా బురద, చెప్పులు చేతిలో పట్టుకుని పాదం పాదం వేస్తూ నడవాలి, పెద్దవాళ్ళని ఇద్దరు పట్టుకోవాలి. నీళ్ళు తిరిగి రావడం మొదలైందని ఊరివాళ్ళు అరిస్తే ఫోటో సగంలో ఉన్నా సరే తిరిగేయండి. కారుకి పెట్రోల్ భావనగర్‌లోనే నింపుకోండి, అక్కడి నుంచి మహువా, ఊనా మీదుగా సోమనాథ్ ఇంకో 270 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నిద్ర తీరిన డ్రైవర్ కాబట్టి చీకటి పడేసరికి చేరుస్తాడు.