రెండు చేతుల ట్యాపింగ్ – 3వ పాఠం: కుడిచేయి ఎటు తిరగాలి?

ట్యాపింగ్ అంటే గిటార్ లాంటి వాద్యం తీగను మీటకుండా, వేలితో మెట్టు మీదికి తట్టి మోగించడం. పోయిన పాఠంలో ఎడమచేత్తో ఒక్క తీగ తట్టి, స్వరం చెదరకుండా నిలపడం చూశాం. ఈసారి కుడిచేయి. నా లెక్కన ఈ విద్యలో పెద్ద మలుపు ఇదే.

వీణలో కుడిచేయి మీటుతుంది, ఎడమచేయి స్వరస్థానం చూసుకుంటుంది. ఇక్కడ ఆ పంపకం లేదు. తీగను మెట్టు మీదికి కొట్టిన వేలే నాదం పుట్టిస్తుంది, అదే స్వరాన్ని నిలుపుతుంది. వేలు లేస్తే స్వరం పోయినట్టే.

గిటార్ మీద మామూలుగా చేసే ట్యాపింగ్‌లో కుడిచేయి ఏటవాలుగా ఉంటుంది, ఎక్కువగా ఒకటి రెండు వేళ్లే పనిచేస్తాయి. 1969లో అమెరికన్ గిటారిస్టు ఎమెట్ చాప్‌మన్ నెక్‌ను (మెట్లుండే పొడవాటి కాడను) దాదాపు నిలువుగా ఎత్తి, కుడిచేతిని ఎదురు అంచు నుంచి తెచ్చాడు. వేళ్లు మెట్ల వెంబడి నిలిచాయి. నాలుగు వేళ్లకూ నాలుగు మెట్లు దొరికాయి! ఆ పద్ధతి కోసమే ఆయన చేసిన చాప్‌మన్ స్టిక్ అనే వాద్యం 1974లో అమ్మకానికి వచ్చింది. పది తీగల స్టిక్‌లో ఐదు మెలొడీకి, ఐదు బేస్‌కు. మెలొడీ తీగల మధ్య స–మ దూరం, బేస్ తీగల మధ్య స–ప దూరం. అందుకే ఒక చేతికి వచ్చిన వేళ్ల అమరిక రెండో చేతికి అలాగే పనికిరాదు. వార్ గిటార్ అనే ఇలాంటి మరో వాద్యాన్ని మీటనూ వచ్చు, తట్టేటప్పుడు చేతుల తీరు మాత్రం ఇదే.

కీబోర్డ్ నేర్చినవారు ఒకటి గమనించండి. అక్కడ రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురు. ఇక్కడ రెండు చూపుడువేళ్లూ మంద్రం వైపే ఉంటాయి. నాకు ఈ తికమక తీరడానికి నెల పట్టింది.

నా దగ్గరున్నది ఎలక్ట్రిక్ గిటారే, మీకూ అది చాలు. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల కింద మెత్తటి గుడ్డ దోపండి, ఖాళీ తీగలు మోగవు. నెక్ పైకెత్తి కూర్చోండి. ఎడమ చూపుడువేలు ఆరో తీగ (అన్నిటికంటే లావుది) 5వ మెట్టు మీద: స. ఉంగరపువేలు ఐదో తీగ 7వ మెట్టు మీద: ప. కుడిచేయి రెండో తీగ మీద: చూపుడువేలు 10 (స), ఉంగరపువేలు 12 (రి), చిటికెనవేలు 13 (సాధారణ గాంధారం). ఆదితాళంలో ఎడమచేయి నాలుగక్షరాలు స, నాలుగక్షరాలు ప నిలపాలి. కుడిచేయి అక్షరానికొకటిగా స రి గ రి, స రి గ రి.

మెట్టుకు ఆనుకుని వెనకపక్కే తట్టండి, మధ్యలో తడితే తీగ గరగరమంటుంది. మా అనంతపురంలో జొన్నరొట్టె తట్టే చేతిని చూడండి: బలం తక్కువ, లయ ఎక్కువ. రొట్టె చిరగదు. మణికట్టు వంగి నొప్పి పుడితే వెంటనే ఆపి, నెక్ ఇంకొంచెం పైకెత్తండి.