చార్జింగ్ అయిపోతే హైబర్నేట్ కాకుండా ఠక్కున ఆఫ్ అయ్యే ల్యాప్‌టాప్: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

బ్యాటరీ 5 శాతానికి దిగగానే విండోస్ తెరిచి ఉన్న పనినంతా డిస్క్ మీద రాసేసి మెషీన్‌ను ఆఫ్ చేయాలి. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే ఆపిన చోటే మొదలవ్వాలి. దీన్నే హైబర్నేట్ అంటారు. అలా కాకుండా తెర ఒక్కసారిగా నల్లబడి, మళ్లీ ఆన్ చేశాక ఖాళీ డెస్క్‌టాప్ కనిపించిందంటే సేవ్ చేయని పని పోయినట్టే. దీనికి చాలామంది నేరుగా విండోస్ రీఇన్‌స్టాల్ దాకా వెళ్తారు. చాలా కేసుల్లో తప్పు విండోస్‌ది కానే కాదు, కాబట్టి ఆ శ్రమ వృథా.

హైబర్నేట్ నాలుగు మెట్లుగా జరుగుతుంది. బ్యాటరీలోని గేజ్ చిప్ మిగిలిన శాతాన్ని సరిగ్గా చెప్పాలి. ఆ శాతం చూసి విండోస్ హైబర్నేట్ మొదలుపెట్టాలి. ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌కు చేరాలి. తిరిగి ఆన్ చేసినప్పుడు దాన్ని చదువుకుని లేవాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తేలితే మందు సులువు. ఇక్కడ కమాండ్లను తెలుగులో పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

ముందు లాగ్ చూడండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ ఎంచుకుని, కుడివైపు ‘ఫిల్టర్ కరెంట్ లాగ్’ నొక్కి, ఈవెంట్ ఐడీల గడిలో 41, 42, 524 అని కామాలతో ఇవ్వండి. ఈ మూడూ కెర్నల్-పవర్ అనే సోర్స్ పేరుతో ఉన్నవే చూడాలి. 524 అంటే బ్యాటరీ క్రిటికల్ స్థాయికి చేరిందని విండోస్ గుర్తించింది. 42 అంటే నిద్రలోకో హైబర్నేట్‌లోకో వెళ్లడం మొదలుపెట్టింది. 41 అంటే అంతకుముందు మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు. ఈ 41 మళ్లీ ఆన్ చేసినప్పుడే నమోదవుతుంది, కాబట్టి దాని టైమ్ చూసి కంగారు పడకుండా దానికి ముందు ఏముందో చూడండి.

524 లేకుండా 41 ఒక్కటే ఉంటే, విండోస్‌కు క్రిటికల్ కబురు అందకముందే కరెంటు పోయింది. అనుమానం బ్యాటరీ మీద. 524 ఉండి 42 లేకపోతే సెట్టింగ్ తప్పు, లేదా హైబర్నేట్ ఆఫ్‌లో ఉంది. 524, 42, ఆ తర్వాత 41 వరుసగా ఉంటే డిస్క్ మీద రాస్తుండగానో తిరిగి లేస్తుండగానో దెబ్బతింది. అప్పుడు 41ని తెరిచి డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్, అంటే ఏ లోపంతో ఆగిందో చెప్పే అంకె చూడండి. 0 ఉంటే కరెంటు తెగిపోవడమో మెషీన్ బిగుసుకుపోవడమో జరిగింది. 159 ఉంటే ఏదో డ్రైవర్ సమయానికి పవర్ స్థితి మార్చుకోలేదు. గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి తెచ్చుకుని అప్‌డేట్ చేయండి. 160 ఉంటే ర్యామ్‌లోది రాసుకునే హైబర్నేట్ ఫైల్ (హైబర్‌ఫైల్) చాలలేదేమో చూడాలి. దాని సంగతి కిందనే ఉంది.

హైబర్నేట్ అసలు ఆన్‌లో ఉందా?

కమాండ్ ప్రాంప్ట్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ’ ఇవ్వండి. మొదటి పదం ఒకే ముక్క, దాని తర్వాత ఒక ఖాళీ. వచ్చే జాబితాలో పై భాగం ఈ మెషీన్ చేయగలిగినవి, కింది భాగం చేయలేనివి, వాటి కారణాలతో సహా. హైబర్నేట్ పైన ఉంటే సరే. కింద ఉండి, ఎనేబుల్ చేయలేదని కారణం చెబితే ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్’ ఇస్తే చాలు. సీ డ్రైవ్‌లో చోటు కోసం ఎవరో చెప్పారని హైబర్నేట్ తీసేసిన మెషీన్లలో ఇదే కారణం.

హైబర్‌ఫైల్ రకం హైబర్నేషన్‌కు పనికిరాదని కారణం వస్తే, ఆ ఫైల్ ‘రెడ్యూస్డ్’ రకంలో ఉందన్నమాట. అది ర్యామ్‌లో 20 శాతం మేరకే ఉంటుంది, ఫాస్ట్ స్టార్టప్‌కు (షట్‌డౌన్ తర్వాత త్వరగా ఆన్ కావడానికి) తప్ప ఇంకెందుకూ చాలదు. ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ స్లాష్ టైప్ ఫుల్’ ఇస్తే 40 శాతానికి పెరుగుతుంది. 16 జీబీ ర్యామ్‌కు సుమారు 6.4 జీబీ. సీ డ్రైవ్‌లో అంత ఖాళీ ఉండాలి. భారీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనో వర్చువల్ మెషీన్లతోనో ర్యామ్ నిండిపోయే వాడకమైతే, కంప్రెస్ చేసినా 40 శాతంలో ఇమడకపోవచ్చు. 160 కోడ్ కనిపించినవాళ్లు ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ స్లాష్ సైజ్ 100’ ఇచ్చి చూడాలి. ర్యామ్ ఎంతో ఫైల్ అంత అవుతుంది.

ఇక చేతిలో ఉన్న పని సేవ్ చేసి, చార్జర్ పెట్టి ఉండగానే ‘షట్‌డౌన్ స్లాష్ హెచ్’ ఇవ్వండి. మెషీన్ పూర్తిగా ఆఫ్ అయి, ఆన్ చేయగానే తెరిచిన విండోలన్నీ తిరిగి వస్తే మూడో మెట్టు, నాలుగో మెట్టు బాగున్నట్టే. పవర్ మెనూలో హైబర్నేట్ కనిపించకపోవడం వేరే సంగతి. అది మెనూలో చూపించాలా వద్దా అనే టిక్ మాత్రమే, దీనితో సంబంధం లేదు.

సెట్టింగ్ ఒకటే, ప్లాన్లు వేరువేరు

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘పవర్‌సీఎఫ్‌జీ డాట్ సీపీఎల్’ ఇస్తే పవర్ ఆప్షన్స్ వస్తుంది. ‘ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్’, తర్వాత ‘ఛేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్’, చివర్న బ్యాటరీ అనే కొమ్మ. అందులో ‘క్రిటికల్ బ్యాటరీ యాక్షన్’కు ఎదురుగా ‘ఆన్ బ్యాటరీ’ దగ్గర హైబర్నేట్ ఉండాలి. ‘ప్లగ్డ్ ఇన్’ దగ్గర మార్చి వదిలేస్తే లాభం లేదు. ‘లో బ్యాటరీ యాక్షన్’ వేరు, అది 10 శాతం దగ్గర వచ్చే హెచ్చరికకు సంబంధించినది. దాన్ని ‘డూ నథింగ్’లోనే ఉంచొచ్చు.

ఈ సెట్టింగ్ పవర్ ప్లాన్‌ను, అంటే కరెంటు వాడకానికి ఎంచుకున్న తీరును బట్టి ఉంటుంది. బ్యాలెన్స్‌డ్‌లో సరిచేసి హై పెర్ఫార్మెన్స్‌లో వాడుతుంటే మార్పు పనిచేయదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కంపెనీ యాప్ తనంతట తానే ప్లాన్ మార్చేస్తుంది, కాబట్టి మీరు వాడే ప్రతి ప్లాన్‌లోనూ చూడండి. ఈ ఆప్షన్ కనిపించకపోతే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ సెట్‌డీసీవాల్యూఇండెక్స్ స్కీమ్_కరెంట్ సబ్_బ్యాటరీ బ్యాట్‌యాక్షన్‌క్రిట్ 2’, ఆ వెంటనే ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ సెట్‌యాక్టివ్ స్కీమ్_కరెంట్’ ఇవ్వండి. ఇందులో 0 అంటే ఏమీ చేయొద్దు, 1 స్లీప్, 2 హైబర్నేట్, 3 షట్‌డౌన్. స్లీప్ పెట్టుకోవద్దు. స్లీప్‌లో కూడా ర్యామ్ కరెంటు తింటూనే ఉంటుంది. చివరి 5 శాతం కరిగిపోయాక పని మొత్తం పోతుంది.

బ్యాటరీ ఖాళీ చేయకుండానే పరీక్ష

సెట్టింగ్ తప్పో బ్యాటరీ తప్పో తేల్చడానికి ఇంతకంటే మంచి దారి లేదు. చార్జింగ్ 60 శాతం దగ్గర ఉన్నప్పుడు అదే బ్యాటరీ కొమ్మలో లో లెవెల్ 58, రిజర్వ్ 57, క్రిటికల్ 55 పెట్టండి. అన్నీ సేవ్ చేసి, చార్జర్ తీసి, ఏదైనా వీడియో నడవనివ్వండి. 55 తాకగానే హైబర్నేట్ అయితే విండోస్ వైపు అంతా సవ్యంగా ఉంది. అదే మెషీన్ 5 దగ్గర ఆరిపోతోందంటే తప్పు బ్యాటరీది. 55 దగ్గర కూడా కాకపోతే సెట్టింగ్‌లోనో డ్రైవర్‌లోనో వెతకాలి, బ్యాటరీ కొనడానికి డబ్బు పెట్టొద్దు. పరీక్ష అయ్యాక అంకెలు వెనక్కి మార్చడం మరవొద్దు.

బ్యాటరీ అబద్ధం చెబుతున్నప్పుడు

చాలా ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో మూడో నాలుగో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. గేజ్ చూపించేది మొత్తం మీద వేసిన అంచనా. పాతబడ్డాక సెల్స్ అన్నీ ఒకే తీరుగా అరగవు. ఒకటి బలహీనపడుతుంది. లోడ్ పెరిగిన క్షణంలో ఆ ఒక్క సెల్ వోల్టేజ్ కనీస హద్దు కిందికి, అంటే సుమారు 3 వోల్టుల దగ్గరికి పడిపోతే, ప్రొటెక్షన్ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని కట్ చేసేస్తుంది. తెర మీద 11 శాతం ఉన్నా సరే. హైబర్నేట్ కూడా లోడే: ర్యామ్ మొత్తాన్ని కంప్రెస్ చేసి రాయడానికి ప్రాసెసర్, డిస్క్ రెండూ గట్టిగా పనిచేస్తాయి. లెక్క ప్రకారం 40 వాట్ అవర్ బ్యాటరీలో 5 శాతం అంటే 2 వాట్ అవర్లు, 20 వాట్ల వాడకానికి 6 నిమిషాలు. రాయడానికి ఎస్ఎస్‌డీకి సెకన్లు, పాత హార్డ్ డిస్క్‌కు నిమిషం అటూ ఇటూ పడుతుంది. కరెంటు చాలకపోవడం అరుదు, వోల్టేజ్ నిలబడకపోవడమే అసలు జబ్బు.

‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్’ ఇస్తే ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ తయారవుతుంది. అది ఎక్కడుందో కమాండే చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పోల్చండి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోతే బ్యాటరీ మార్చడమే. ‘రీసెంట్ యూసేజ్’ పట్టికలో శాతాలు మెల్లగా దిగుతూ వచ్చి 14 దగ్గరో 18 దగ్గరో తెగిపోయి, తర్వాతి వరుసలో చార్జర్ మీద మొదలైతే పైన చెప్పిన సెల్ సమస్యే.

కెపాసిటీ బాగానే ఉండి శాతం మాత్రమే తప్పుతుంటే గేజ్‌ను క్యాలిబ్రేట్ చేయండి, అంటే దాని లెక్క సరిచేయండి. ఇంట్లో రోజంతా చార్జర్ మీదే ఉండే ల్యాప్‌టాప్‌లలో గేజ్ లెక్క తప్పడం మామూలే. కంపెనీ యాప్‌లో 80 శాతం పరిమితి పెట్టి ఉంటే తాత్కాలికంగా తీసేసి, 100 దాకా చార్జ్ చేసి, ఇంకో గంట చార్జర్ మీదే ఉంచండి. తర్వాత చార్జర్ తీసి, సేవ్ చేయాల్సినవన్నీ మూసేసి, తనంతట తాను ఆగేదాకా నడపండి. రెండు మూడు గంటలు చల్లారనిచ్చి, మధ్యలో తీయకుండా 100 దాకా చార్జ్ చేయండి. కరెంటు కోతలు ఉండే వేళ ఈ పని పెట్టుకోవద్దు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో వాంటేజ్ యాప్‌లోని బ్యాటరీ గేజ్ రీసెట్ ఇదే పని చేస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా ఇవేవీ చేయొద్దు. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసేసి, సర్వీస్ సెంటర్‌లో ఆ బ్యాటరీని తీయించండి.

కొత్త బ్యాటరీ వచ్చేదాకా క్రిటికల్ స్థాయిని పెంచి గట్టెక్కొచ్చు. రిపోర్ట్‌లో 14 దగ్గర తెగిపోతోందనుకోండి, క్రిటికల్ 20, రిజర్వ్ 23, లో 27 పెట్టండి. ఈ మూడూ ఎప్పుడూ ఈ వరుసలోనే, క్రిటికల్ అన్నిటికన్నా కింద ఉండాలి.

మూత మూసి బ్యాగులో పెట్టినప్పుడు మాత్రమే ఆరిపోతుంటే పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు స్లీప్ బదులు హైబర్నేట్ అయ్యేలా మార్చండి. నిద్రలో ఉన్న మెషీన్ లేచి మరీ హైబర్నేట్ కావడం బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడుతుంది, దాన్ని నమ్ముకోవడం దండగ.

లైనక్స్‌లో

ఇక్కడ ఈ పని చూసేది యూపవర్ అనే సర్వీస్. ఈటీసీ కింద యూపవర్ ఫోల్డర్‌లో ఉన్న ‘యూపవర్ డాట్ కాన్ఫ్’ తెరిచి ‘క్రిటికల్‌పవర్‌యాక్షన్’ను హైబర్నేట్ చేయండి. ‘పర్సెంటేజ్‌యాక్షన్’ మామూలుగా 2 ఉంటుంది, పాత బ్యాటరీకి అది మరీ తక్కువ. 6 పెట్టి, దాని పైన క్రిటికల్ 10, లో 20 ఉంచండి. ఈ వరుస తప్పితే యూపవర్ మీ అంకెలన్నీ వదిలేసి తన డిఫాల్ట్‌లు వాడుతుంది. మార్చాక సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి.

హైబర్నేట్ అసాధ్యమైతే యూపవర్ నేరుగా పవర్ ఆఫ్ చేస్తుంది, అందుకే ముందు ‘సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్’ను చేత్తో ఇచ్చి చూడండి. విఫలమైతే మూడు చోట్ల వెతకండి. స్వాప్, అంటే ర్యామ్‌లోది దించుకునే చోటు, ర్యామ్‌కు తగ్గకుండా డిస్క్ మీద ఉండాలి. ఫెడోరా మామూలుగా ఇచ్చే జీర్యామ్ అనే స్వాప్ ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి పనికిరాదు. కెర్నల్ పారామీటర్లలో (బూట్ అయ్యేటప్పుడు లైనక్స్‌కు ఇచ్చే సెట్టింగ్‌లలో) ‘రెజ్యూమ్’ ఆ స్వాప్‌ను చూపించాలి, స్వాప్ ఫైల్ అయితే దాని ఆఫ్‌సెట్ (డిస్క్‌లో అది మొదలయ్యే చోటు) కూడా ఇవ్వాలి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు, ఫెడోరా కెర్నళ్లు లాక్‌డౌన్ అనే భద్రతా నిబంధన కారణంగా హైబర్నేట్‌ను ఒప్పుకోవు. సెక్యూర్ బూట్ తీయడం ఇష్టం లేకపోతే యాక్షన్‌ను ‘పవర్‌ఆఫ్’లో ఉంచి, ఎడిటర్లలో ఆటోసేవ్ ఆన్ చేసుకోండి.