చెల్టన్‌హామ్‌లో అవుట్‌సైడర్ మీద కాసే ముందు

మార్చి వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఉన్న మన కుర్రాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే మెసేజ్. "అన్నా, చెల్టన్‌హామ్‌కి మంచి అవుట్‌సైడర్ ఒకటి చెప్పవా?" చెల్టన్‌హామ్ అంటే అక్కడ మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు సాగే గుర్రప్పందేల పండగ. అవుట్‌సైడర్ అంటే గెలుస్తుందని ఎక్కువమంది అనుకోని, అందుకే పొడుగు ధర ఉన్న గుర్రం. పేరు చెప్పడం నిమిషం పని. కానీ పేరు చెప్పేసి ఊరుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. అందుకే కాసే ముందు చూసుకోవలసినవి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ఇది బ్రిటన్‌లో ఉండి, పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు ఉన్న చోట కాసేవాళ్ల కోసం. మన ఊళ్లో కూర్చుని ఏదో యాప్‌లో ప్రయత్నిద్దాం అనుకోవద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. టెలిగ్రామ్‌లో లింకులు పంపేవాళ్ల చేతిలో డబ్బు పోతే అడగడానికి దిక్కు కూడా ఉండదు.

మలక్‌పేట రేసులు చూసి పెరిగినవాళ్లకు ముందుగా ఒక మాట. అక్కడ పరుగు మాత్రమే, దూకడం లేదు. ఇక్కడ గుర్రాలు దూకాల్సిన అడ్డంకుల్లో చిన్నవైన హర్డిల్స్ తక్కువలో తక్కువ మూడున్నర అడుగులు, పెద్ద ఫెన్సులు నాలుగున్నర అడుగులు. శుక్రవారం జరిగే గోల్డ్ కప్‌లో మూడు మైళ్లకు పైగా పరుగు, 22 ఫెన్సులు, చివర్లో ఊపిరి తీసే ఎగువ బాట. ఎంత గొప్ప గుర్రమైనా ఒక్క తప్పటడుగుతో రేసు నుంచి బయటికి పోతుంది. అవుట్‌సైడర్‌కి అవకాశం వచ్చేది అలాగే, అవుట్‌సైడర్ కూలిపోయేదీ అలాగే.

2025 గుర్తుంది కదా. మంగళవారం చాంపియన్ హర్డిల్‌లో ఫేవరెట్ కాన్‌స్టిట్యూషన్ హిల్ పడిపోయింది. చివరి హర్డిల్ దగ్గర ముందున్న స్టేట్ మ్యాన్ కూడా పడింది. 25/1 ధర ఉన్న, అంటే పౌండుకు ఇరవై ఐదు పౌండ్ల లాభం ఇచ్చే గోల్డెన్ ఏస్ గెలిచింది. శుక్రవారం ట్రయంఫ్ హర్డిల్‌లో పోనిరోస్ అయితే 100/1కి గెలిచింది. ఇంకా వెనక్కి వెళ్తే 1990 గోల్డ్ కప్ ఉంది. వేల్స్‌లో ఆవులు పెంచుకుని పాలు అమ్ముకునే సిరెల్ గ్రిఫిత్స్ తీర్చిదిద్దిన నార్టన్స్ కాయిన్, అందరి అభిమాన గుర్రం డెజర్ట్ ఆర్కిడ్‌ను వెనక్కి నెట్టి 100/1కి గెలిచింది.

ఈ మూడూ చెప్పుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. గెలిచిన 100/1 గుర్రం పేరు ముప్ఫై ఐదేళ్లయినా మనకు గుర్తుంటుంది. ఓడిపోయిన వందల గుర్రాల్లో ఒక్క పేరైనా చెప్పగలమా? 33/1 అంటే పందెం తీసుకునే బుక్‌మేకర్ లెక్కలోనే ముప్ఫై నాలుగుసార్లు పరిగెడితే ఒక్కసారి గెలిచే గుర్రం. అందులో ఆయన లాభం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అసలు అవకాశం ఇంకా తక్కువ. తక్కువ ధర గుర్రాల మీద కంటే పొడుగు ధర గుర్రాల మీద కాసేవాళ్లే రూపాయికి ఎక్కువ పోగొట్టుకుంటారన్నది రేసుల లెక్కలు చూసేవాళ్లందరికీ ఎప్పట్నుంచో తెలిసిన సంగతి.

అందుకని నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఈ గుర్రానికి ఇంత ధర ఎందుకు ఇచ్చారు, అందులో వాళ్లు తక్కువ అంచనా వేసినది ఏమిటి? దీనికి ఒక వాక్యంలో జవాబు చెప్పలేకపోతే కాయను. గోల్డెన్ ఏస్‌నే తీసుకోండి. ఏడాది ముందు, 2024లో, చెల్టన్‌హామ్‌లోనే మేర్స్ నోవిసెస్ హర్డిల్ (కొత్తగా దూకే ఆడ గుర్రాల రేసు) గెలిచింది. ఈ కొండ ఎక్కగలదని అప్పటికే చూపించింది. మిగతావాళ్లు పడకపోతే గెలిచేదా అన్నది వేరే సంగతి, కానీ కాసినవాళ్ల దగ్గర ఒక కారణం ఉంది. పోనిరోస్‌కి మాత్రం అదే హర్డిల్స్‌లో మొదటి పరుగు. అంతకు ముందు దూకడం లేని ఫ్లాట్ రేసులే. ట్రైనర్ విల్లీ మలిన్స్ అదే రేసులో చాలా గుర్రాల్ని దింపాడు. అలాంటిదాన్ని ముందుగా పట్టుకున్నామని చెప్పేవాళ్ల టిప్పుల కోసం డబ్బు కట్టొద్దు.

కారణం వెతకడానికి రేసు కార్డులో పేరు పక్కనుండే అంకెలు చాలు. ఒక గుర్రం పక్కన 21-4PF అని ఉందనుకోండి. కుడి చివర ఉన్నదే తాజా పరుగు. అంటే కిందటిసారి పడిపోయింది, దానికి ముందు జాకీ మధ్యలోనే ఆపేశాడు, దానికి ముందు నాలుగోది. గీతకు ఎడమవైపువి పోయిన సీజన్‌వి, అందులో చివరిసారి గెలిచింది. చూడగానే ఆ F ని బట్టి పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం ఆ రేసు వీడియో వెతికి చూస్తాను. చివరి ఫెన్సు దగ్గర, ముందు గుర్రాలతో పోటీపడుతూ పడిందా? అయితే ధర ఉండాల్సినదానికంటే పెరిగి ఉండొచ్చు. రెండో ఫెన్సుకే కాలు తగిలి పడిందా? చెల్టన్‌హామ్ దాన్ని క్షమించదు. B అని ఉంటే ఇంకొక గుర్రం పడుతూ దీన్ని కూడా పడేసిందని అర్థం. తప్పు దానిది కాదు. నేను ఎక్కువసేపు ఆగేది ఈ B దగ్గరే.

నేల సంగతి రేసు రోజు పొద్దున చూసుకోవాలి. రాత్రి వాన పడితే గుడ్ టు సాఫ్ట్ (కొంచెం మెత్తని నేల) కాస్తా సాఫ్ట్ (బాగా మెత్తన) అవుతుంది, బురదలో ఈదే గుర్రాలు వేరు. పైగా మంగళ, బుధవారాలు ఓల్డ్ కోర్స్, గురు, శుక్రవారాలు న్యూ కోర్స్. రెండోదానికి దమ్ము ఎక్కువ కావాలి. మంగళవారం బాగా పరిగెత్తిందన్న లెక్కను గురువారానికి అలాగే మోసుకెళ్లకండి.

ఇక ఈచ్ వే. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఐదు పౌండ్లు ఈచ్ వే అంటే జేబులోంచి పోయేది పది. ఐదు గెలుపు మీద, ఐదు స్థానం మీద. మంచి గుర్రాలకు ఎక్కువ బరువు మోపే రేసును హ్యాండిక్యాప్ అంటారు. పదహారు, అంతకంటే ఎక్కువ గుర్రాలున్న హ్యాండిక్యాప్‌లో మామూలుగా మొదటి నలుగురికి నాలుగో వంతు ధర ఇస్తారు. 33/1 గుర్రం నాలుగోదిగా వస్తే స్థానం మీది ఐదు పౌండ్లకు 41.25, దాంతోపాటు ఆ ఐదూ వెనక్కి వస్తాయి. గెలుపు మీద పెట్టిన ఐదూ పోతాయి. హ్యాండిక్యాప్ కాని రేసులో ఎనిమిది, ఆపైన గుర్రాలుంటే ముగ్గురికి ఐదో వంతే. నలుగురే పరిగెడితే స్థానం పందెమే ఉండదు. అందుకే అవుట్‌సైడర్ కోసం నేను వెళ్లేది కౌంటీ హర్డిల్ లాంటి గుంపు రేసులకు. బరువు మోపి అన్నిటినీ దగ్గరికి తెచ్చే రేసులవి. కాసే ముందు ఎన్ని స్థానాలకు ఇస్తున్నారో, ఎన్నో వంతు ఇస్తున్నారో స్లిప్పులో చదువుకోండి. స్థానాలు పెంచి వంతు తగ్గించే ఆఫర్లు కూడా ఉంటాయి.

నెలల ముందే కాస్తే మంచి ధర దొరుకుతుందని ఒక ఏడాది జనవరిలో నలభై పౌండ్లు పెట్టాను. పండగకు పది రోజుల ముందు గుర్రం కుంటుతోందని తప్పించారు. నా డబ్బు తిరిగి రాలేదు. నియమాల్లో ఆ మాట ఉంది, నేను చదవలేదు. ముందే కాయాలనిపిస్తే "నాన్ రన్నర్ నో బెట్" ఉన్నచోటే కాయండి. గుర్రం పరిగెత్తకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. లేదంటే తుది జాబితా వచ్చేదాకా ఆగండి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త డబ్బు దగ్గర. రోజుకు ఏడు, నాలుగు రోజులకు ఇరవై ఎనిమిది రేసులు. ప్రతి రేసులో ఒక గుర్రం కావాలనిపిస్తుంది. మా ఇంట్లో అద్దెకున్న ఒక విద్యార్థి గురువారం రాత్రి వంటగదిలో కూర్చుని ఫోన్ బల్ల మీద బోర్లించి, "అన్నా, ఈ నెల అద్దె కొంచెం ఆలస్యం అవుద్ది" అన్నాడు. అడిగితే చెప్పాడు. మంగళవారం ఇరవై పౌండ్లు. అవి రాబట్టుకోవడానికి బుధవారం అరవై. గురువారం ఏకంగా అద్దె మొత్తం. ఇంటి దగ్గర నాన్న లోను కట్టుకుంటూ పంపిన డబ్బు అది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి పండగకు ముందే, సోమవారమే మొత్తం ఎంత పోయినా పర్లేదో తేల్చుకోండి. యాభై అయితే యాభై. ఖాతాలో డిపాజిట్ పరిమితి పెట్టేయండి. ఒక్కో అవుట్‌సైడర్‌కు అందులో ఇరవయ్యో వంతు చాలు. స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని కాయొద్దు. 2020 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో పందెం కాయనివ్వరు, అది మన మంచికే. చేయి ఆగడం లేదనిపిస్తే గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకుంటే లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ మిమ్మల్ని ఆపేస్తాయి. జూదం గురించి సాయం కోసం ఎవరితోనైనా మాట్లాడాలంటే హెల్ప్‌లైన్ 0808 8020 133. డబ్బు తీసుకోరు, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు. మా ఇంట్లో అద్దెకున్న ఆ కుర్రాడి చేత శుక్రవారం పొద్దున నేనే ఫోన్ చేయించాను.

శుక్రవారం సంగతి ఇంకొకటి. గోల్డ్ కప్ అయిపోయాక కూడా రేసులు ఉంటాయి, ఆఖర్లో ఇరవైకి పైగా గుర్రాలతో మార్టిన్ పైప్ హ్యాండిక్యాప్ ఉంటుంది. నాలుగు రోజులు పోగొట్టుకున్నవాళ్లంతా ఒక్క దెబ్బతో లాగేద్దామని దాని మీదే పడతారు. దాని మీద కాయాలంటే గుర్రాన్ని గురువారం రాత్రే ఎంచుకుని, ఎంత పెట్టాలో కాగితం మీద రాసుకుని వెళ్తాను. రాసుకోకపోతే ఆ రేసును కంచె పక్కన నిలబడి చూసి, రద్దీ మొదలు కాకముందే స్టేషన్‌కు నడుస్తాను.