వాయిదాలు తప్పిన ఇంటిని నిలుపుకోవడం - మూడవ పాఠం: అరవై రోజుల నోటీసు

వాయిదా తప్పిన తొలి రోజులలోనే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని ఎలా అడగాలో గత పాఠంలో నేర్చుకున్నాము. బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు కలుగుతుంది. అయితే ముందుగా 13(2) సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, 60 రోజులు ఆగితీరాలి.

పోస్ట్‌మ్యాన్ తెచ్చిన ఆ నోటీసును తిప్పి పంపవద్దు. తప్పించుకుంటున్నారని తేలితే దానిని ఇంటి తలుపుకు అంటించి, పత్రికలలో ప్రకటించే వీలు నిబంధనలలోనే ఉంది. పోయేది మీ గడువూ, నలుగురిలో మీ పరువూ మాత్రమే. నోటీసు అందిన తేదీని కవరుమీద రాసి, ఆ కవరును కూడా భద్రపరచండి.

ఇక నోటీసులోని మొత్తాన్ని చూద్దాము. విజయనగరంలో జూట్ మిల్లు పని ఆగి, నెలకు 12,000 రూపాయల వాయిదాలు ఆరు కట్టలేకపోయిన కుటుంబం ఒకటి ఉందనుకోండి. బకాయి 72,000 రూపాయలు, దానిపై వడ్డీ, ఖర్చులు. నోటీసు మాత్రం మిగిలిన అప్పు మొత్తం, అంటే 9 లక్షలు కట్టమంటుంది. చాలామంది ఇక్కడే గుండె జారిపోయి, చేతులెత్తేస్తారు. కానీ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బకాయిలన్నీ పూర్తిగా కడితే ఖాతా ఎన్‌పీఏ నుంచి బయటపడుతుంది. ఒకటి రెండు వాయిదాలు కట్టినంత మాత్రాన బయటపడదు. కనుక ముందుగా మొత్తం బకాయి ఎంతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ సొమ్ము కూడగట్టడమే లక్ష్యంగా పెట్టుకోవాలి. అందుకోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దని గట్టిగా చెబుతున్నాను; అది ఏడాదికి 36 శాతం, గృహరుణ వడ్డీకి ఎన్నో రెట్లు. ఇల్లు అమ్మి అప్పు తీర్చాలనుకున్నా, ఈ నోటీసు అందిన తరువాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదు.

ఖాతా స్టేట్‌మెంటు తీసుకుని, కట్టిన ప్రతి వాయిదా అందులో జమ అయిందో లేదో సరిచూడండి. పెనాల్టీపై మళ్లీ వడ్డీ వేయకూడదన్న నిబంధన 2024 నుంచి అమలులో ఉంది. తేడా కనిపిస్తే నోటీసుకు ఇచ్చే జవాబులో రాయండి. 13(3ఎ) సెక్షన్ ప్రకారం, మీ అభ్యంతరాన్ని అంగీకరించకపోతే అది అందిన 15 రోజులలోగా బ్యాంకు కారణాలు తెలపాలి. జవాబు ఇలా ఉండవచ్చు:

“మీ నోటీసు నాకు ఫలానా తేదీన అందినది. అందులో చూపిన మొత్తంలో ఫలానా నెల వాయిదా జమ కాలేదు. రసీదు నకలు జతపరిచాను. మిగిలిన బకాయిని ఫలానా తేదీలోగా చెల్లించగలను. గడువు పెంచి వాయిదా తగ్గించవలసిందిగా, అంతవరకు తదుపరి చర్య నిలుపవలసిందిగా కోరుతున్నాను.”

నిలబెట్టుకోగల తేదీనే రాయండి. జవాబును రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో పంపి, నకలుపై బ్రాంచిలో ముద్ర వేయించుకోండి. రాయడం కష్టమైతే శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల ప్రాంగణాలలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

అభ్యాసం: మీ రుణపు గత ఏడాది స్టేట్‌మెంటు తెచ్చుకుని, ప్రతి వాయిదా ఎదుట రసీదు తేదీ రాయండి. స్వాధీనపు చర్య మొదలైతే 45 రోజులలోగా విశాఖపట్నంలోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు ఎలా దరఖాస్తు చేయాలో నాలుగవ పాఠంలో నేర్చుకుందాము.