లెగో బ్రిక్స్‌తో (ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో) సాగర్ డ్యామ్ నమూనా కట్టే ముందు జాగ్రత్తలు

నాగార్జునసాగర్‌కు 26 గేట్లు. ఆ లెక్క తేలాకే పెట్టె విప్పండి. గేటుకు రెండు బొడిపెలు (బ్రిక్ పైనుండే గుండ్రటి ముడులు) వెడల్పు, 27 పిల్లర్లకు ఒక్కోటి: మొత్తం 79. బొడిపెకు 8 మి.మీ. చొప్పున 63.2 సెం.మీ. పొడవు. గేట్లు తగ్గించొద్దు, నల్గొండోళ్లు చూడంగనే లెక్కపెడతరు.

డ్యామ్ కింద పరిచే 32 బొడిపెల బేస్ ప్లేట్లు మూడు కావాలి. వాటి అడుగున ఏదీ అతకదు కాబట్టి అతుకుల మీదుగా పొడవాటి బ్రిక్స్ వేయాలి. లేకుంటే ఎత్తగానే డ్యామ్ అక్కడే విరుగుతుంది. గోడలో కూడా నిలువు సందులు ఒకదానిమీద ఒకటి పడొద్దు.

వేరే కంపెనీ బ్రిక్స్ కలిపితే చిన్న తేడా కూడా పొడవునా పేరుకుని గోడ వంగుతుంది.

ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు, తెల్లవి పసుపెక్కుతాయి. పళ్లతో ఊడదీయొద్దు, సెపరేటర్ (బ్రిక్స్ ఊడదీసే చిన్న పనిముట్టు) వాడండి. మూడేళ్లలోపు పిల్లలుంటే తలుపేసుకుని కట్టండి.